మందబుద్ధుల గురువు: కొలిచెలమ మల్లినాథుడు

మల్లినాథసూరిని గురించి మనలో రెండు రకాల అభిప్రాయాలు చెలామణిలో వున్నాయి. మొదటిది పండితులది. ఆయన మహామహోపాధ్యాయుడు, వ్యాఖ్యాన చక్రవర్తి, కాళిదాసు హృదయం తెలిసినవాడు. కనుక పేరు వినగానే నమస్కారం పెట్టాలి, అంతకుమించి అడగవలసింది లేదు. రెండవది మన శిబిరంలోనే అక్కడక్కడా వినిపించేది. ఆయన సొంతంగా యేమి రాశాడు? ఒకరు రాసిన కావ్యానికి అర్థం చెప్పాడు. ఆ కావ్యం రాజులకోసం పుట్టింది, ఆ అర్థం పండితులకోసం పుట్టింది. భూస్వామ్య యుగపు ఆస్థాన విద్యతో నేటి విద్యార్థికి పని యేమిటి?

యీ రెండు అభిప్రాయాలూ పైకి విరుద్ధంగా కనిపిస్తాయిగాని రెండిటిలోనూ లోపం ఒకటే. రెండూ మల్లినాథుణ్ణి చదవకుండా తేల్చినవి. పుస్తకం తెరిచి మొదటి పుటలు చూస్తే, తాను యెవరికోసం రాస్తున్నాడో ఆయనే చెప్పుకొన్నాడు. మందబుద్ధులమీద దయతో, వారికి మేలు చేయాలనే కోరికతో, కాళిదాసు కావ్యాలు మూడింటికీ తికమక లేకుండా అర్థం చెబుతానని రఘువంశ వ్యాఖ్య ప్రారంభంలో ఆయన మాట. ఇది ఆస్థాన పండితుడి ధోరణి కాదు. తరగతిలో వెనక వరుస కుర్రవాణ్ణి మనసులో పెట్టుకొన్న బడిపంతులు ధోరణి.

మల్లినాథుణ్ణి అంచనా వేయవలసింది యీ మాటను బట్టే. ఆయన మందబుద్ధులకు యెలా చెప్పాడు? ఆయన దృష్టిలో మందబుద్ధులు యెవరు? ఆ లెక్కలోకి కూడా రానివారు యెవరు? యీ మూడు ప్రశ్నలూ ఒక పాత పండితుడి జీవితానికి సంబంధించినవే అయినా, నేడు పాఠశాలలో పాఠం చెప్పే ప్రతి ఉపాధ్యాయుణ్ణీ తాకుతాయి.

మల్లినాథుడి ఇంటిపేరు కొలాచలం. ఆ పేరు మెదక్ పట్టణానికి దగ్గరలోనే వున్న కొల్చారం వూరినిబట్టి వచ్చింది. పాత రూపం కొలిచెలమ. మంజీర నది పారే నేల అది. పూర్వం మెతుకుసీమ అని పిలిచిన ప్రాంతం. ఆయన జీవించిన సంవత్సరాలు ఖచ్చితంగా చెప్పే శాసనం లేదు. గ్రంథాల ఆధారాలను బట్టి 14వ శతాబ్ది ఉత్తరార్ధం, 15వ శతాబ్ది పూర్వార్ధం ఆయన కాలమని విద్వాంసులు సాధారణంగా నిర్ణయిస్తారు. ఆయన కుమారుడు కుమారస్వామి కూడా పండితుడే. కాకతీయ ప్రతాపరుద్రుడి పేరుమీద విద్యానాథుడు రాసిన ప్రతాపరుద్రీయానికి రత్నాపణం అనే వ్యాఖ్య రాసినవాడు ఆయనే. మల్లినాథుడి తాతకు కాకతీయ ప్రభువు కనకాభిషేకం చేయించాడని ఆ వంశంలో తరువాతి తరంవాడు ఒకడు చెప్పుకొన్నాడు. వంశకీర్తన గనుక దానిలో కొంత తరుగు తీసివేసినా, ఓరుగల్లు ఆస్థానంతో ఆ కుటుంబానికి పరిచయం వుండేదని అనుకోవడానికి అభ్యంతరం లేదు.

కాని మల్లినాథుడి కాలానికి ఆ ఓరుగల్లు లేదు. 1323లో కాకతీయ రాజ్యం కూలిపోయింది. 1347లో బహమనీ రాజ్యం పుట్టింది. తెలంగాణపు తూర్పు, దక్షిణ భాగాలలో రాచకొండ, దేవరకొండ పద్మనాయక ప్రభువులు నిలబడ్డారు. వారికీ బహమనీలకూ, వారికీ కొండవీటి రెడ్లకూ, విజయనగరానికీ మధ్య యెడతెగని యుద్ధాలు. మెతుకుసీమ ఆ పోరాటాల దారిలోనే వుంది. ఒక పెద్ద రాజధాని వున్నప్పుడు విద్య ఆ రాజధాని చుట్టూ పోగుపడుతుంది. ఒక పద్యానికి అర్థం తెలియకపోతే పక్కవీధి పండితుణ్ణి అడగవచ్చు. రాజధాని పోయి పండితులు చెల్లాచెదురైనప్పుడు, వూరికొక్క గురువు, గురువుకొక్క తాటాకు కట్ట మిగిలినప్పుడు, విద్య బతకాలంటే అది పుస్తకంలోకి యెక్కాలి. గురువు పక్కన లేకపోయినా శిష్యుడికి పాఠం నడిచేటట్లు వుండాలి. మల్లినాథుడి వ్యాఖ్యలు అచ్చంగా అటువంటి పుస్తకాలు. ఇది ఆయన చెప్పిన కారణం కాదు, మనం చేసే ఊహ. కాని ఆ కాలాన్నీ ఆ పుస్తకాల తయారీనీ పక్కపక్కన పెట్టి చూస్తే యీ ఊహకు బలం కనిపిస్తుంది.

ఆయనను గురించి జనం చెప్పుకొనే కథలు పలు రకాలు. అన్నిటిలోనూ ఒక అంశం సామాన్యం. చిన్నప్పుడు ఆయన మొద్దు. అక్షరం వంటబట్టలేదు. ఇంటా బయటా ఎగతాళిపడి చదువుకోసం బయలుదేరాడు. ఒక కథలో గురువుగారి భార్య రోజూ అన్నంలో నెయ్యికి బదులు వేపనూనె వడ్డిస్తుంది. చదువులో మునిగిన శిష్యుడికి యేళ్ళ తరబడి చేదు తెలియదు. తెలిసిన రోజున గురువు, నీ చదువు పూర్తయింది, ఇంటికి వెళ్ళవచ్చు అంటాడు. ఇటువంటి కథ వేరే పండితులమీదా వుంది గనుక దీన్ని చరిత్రగా తీసుకోనక్కరలేదు. కాని జనం యే కథను యెవరికి అతికిస్తారన్నది కూడా ఒక సాక్ష్యమే. కాళిదాసు కథలోనూ మొద్దు వున్నాడు. అతడికి కాళికాదేవి ఒక్క రాత్రిలో కవిత్వం ఇచ్చింది. మల్లినాథుడి కథలో దేవత లేదు. గురువు వున్నాడు, యేళ్ళ తరబడి చాకిరీ వుంది, చేదు అన్నం వుంది. కవికి వరం చాలుననీ, పంతులు కావాలంటే కష్టపడాలనీ జనం సరిగానే పసిగట్టారు.

ఆయన రాసినది కొండంత. కాళిదాసు రఘువంశ, కుమారసంభవ, మేఘదూతాలకు సంజీవని, భారవి కిరాతార్జునీయానికి ఘంటాపథం, మాఘుడి శిశుపాలవధకు సర్వంకష, శ్రీహర్షుడి నైషధానికి జీవాతువు, భట్టికావ్యానికి సర్వపథీన. అలంకారశాస్త్రంలో విద్యాధరుడి ఏకావళికి తరళ, తర్కంలో వరదరాజుడి తార్కికరక్షకు నిష్కంటక. రఘువీరచరితం అనే సొంత కావ్యం కూడా వుంది. దాన్ని యెవరూ తలచుకోరు. ఆయన పేరు నిలబెట్టినవి పాఠాలే.

యీ పేర్లను కొంచెం పరిశీలించండి. ఘంటాపథం అంటే ఏనుగులు గంటలు మోగించుకొంటూ నడిచే రాజమార్గం, యెవరైనా దారి తప్పకుండా నడవగల బాట. నిష్కంటక అంటే ముళ్ళు తీసినది. సర్వపథీన అన్ని దారులలోనూ నడిచేది. సంజీవని పేరుకు కారణం ఆయనే చెప్పాడు: చెడు వ్యాఖ్యల విషం తగిలి కాళిదాసు వాక్కు మూర్ఛపోయి వుంది, దాన్ని లేపడానికి యీ మందు. భారవి మాట కొబ్బరికాయవంటిదనీ, పెంకు పగలగొట్టి రసం అందిస్తాననీ కిరాతవ్యాఖ్య మొదట్లో అన్నాడు. పేర్లన్నిటిలోనూ ఒకటే ఆలోచన: దారి, ముళ్ళు తీయడం, పెంకు పగలగొట్టడం. తన పాండిత్యాన్ని కోటగా కట్టుకొన్నవాడు యెవడూ తన పుస్తకానికి రాజమార్గం అని పేరు పెట్టడు.

ఆయన పద్ధతి యేమిటి? శ్లోకంలో మాటలు ఛందస్సుకోసం చెల్లాచెదురుగా పడివుంటాయి. ముందు వాటిని మామూలు వాక్యంలో మాట్లాడే వరుసలోకి తెస్తాడు. దీన్ని అన్వయం అంటారు. అంతా అన్వయంద్వారానే చెబుతాననీ, ఆధారం లేనిది రాయననీ, అవసరం లేనిది పలకననీ ఆయన పెట్టుకొన్న నియమం. ఆ వరుసలో ఒక్కొక్క మాటనూ తీసుకొని తేలిక మాటతో అర్థం చెబుతాడు. సమాసం వుంటే విప్పుతాడు. అర్థానికి అమరకోశంవంటి నిఘంటువు సాక్ష్యం చూపుతాడు. రూపం వింతగా వుంటే పాణిని సూత్రం చూపుతాడు. చివర అలంకారమేదో చెప్పి వూరుకొంటాడు.

రఘువంశం మొదటి శ్లోకమే ఉదాహరణగా తీసుకొందాం. మాటా అర్థమూలాగా విడదీయరాని జంట అయిన పార్వతీ పరమేశ్వరులకు కవి నమస్కరిస్తాడు, జగత్తుకు వారు తలిదండ్రులంటాడు. అక్కడ సంస్కృతంలో తలిదండ్రులకు వాడిన మాట పైకి చూస్తే తండ్రి అనే మాటకు ద్వివచనం. కొత్తగా చదివే కుర్రవాడికి వెంటనే అనుమానం వస్తుంది: ఇద్దరు తండ్రులా? ఆ అనుమానం వస్తుందని మల్లినాథుడికి తెలుసు. తల్లీ తండ్రీ కలిసినప్పుడు తండ్రి మాట ఒక్కటే మిగిలి ఇద్దరినీ తెలుపుతుందనే పాణిని సూత్రం అక్కడే చూపి, అమరకోశం ప్రమాణం ఇచ్చి ముందుకు పోతాడు. సూత్రం తనకు వచ్చునని చాటుకోవడానికి కాదు, కుర్రవాడు అక్కడ ఆగిపోతాడు గనుక. ఆగని చోట సూత్రం చెప్పడు. యెక్కడ ఆగుతాడో తెలియడమే ఉపాధ్యాయుడి విద్యలో సగం. అది పుస్తకాలలో దొరకదు, పిల్లల ముఖాలలో దొరుకుతుంది. మల్లినాథుడు తరగతి గదిలో యేళ్ళు గడిపినవాడని యే శాసనమూ చెప్పనక్కరలేదు. ఆయన ప్రతి పుటా చెబుతుంది.

ఇంకొక గుణం కూడా చెప్పాలి. కాళిదాసు మాటల సారం కాళిదాసుకూ, సరస్వతికీ, బ్రహ్మకూ తెలుసుగాని తనవంటివారికి యెక్కడ తెలుస్తుందని ఆయన ఒప్పుకొన్నాడు. దక్షిణావర్తనాథుడు మొదలైనవారు నడిచిన బాటలోనే తనకూ కొంచెం చోటు దొరుకుతుందని చెప్పి, పూర్వుల ఋణం పేరుపెట్టి తీర్చుకొన్నాడు. మేఘదూతంలో కొన్ని శ్లోకాలు తరువాతివారు చేర్చినవని గుర్తించి విడిగా చూపాడు. కుమారసంభవంలో యెనిమిదవ సర్గతో ఆగిపోయాడు. తరువాతి సర్గలు కాళిదాసువి కావని నేటి విమర్శకులు చెప్పే కారణాలలో మల్లినాథుడు అక్కడ ఆగడం కూడా ఒకటి. ఆధారం లేనిది రాయననే నియమం కంఠోక్తిగా మిగిలిపోలేదు.

ఇంతవరకు ఆయన గొప్పతనం. దీనికి హద్దు యెక్కడ?

మందబుద్ధులమీద దయ అన్నాడు గదా, ఆ మందబుద్ధులు యెవరు? కొలిచెలమ పొలాలలో నాగలి పట్టినవాడు కాదు. పశువులు కాసే పిల్లవాడు కాదు. ఆ వూరి కుమ్మరి, సాలె, మాదిగ ఇళ్ళలో పిల్లలు ఆ మందబుద్ధుల జాబితాలో కూడా లేరు. మందుడు అనిపించుకోవడానికి కూడా ముందు బడిలో కూర్చోవాలి గదా. ఆయన దయ బడిలోపలి వెనక వరుసదాకా వెళ్ళింది. బడి గోడదాకా వెళ్ళి ఆగింది.

అయితే దీన్ని కులం ఒక్కటే అని సరళంగా తేల్చడం కూడా పొరపాటే. వేదానికున్న కట్టుబాటు కావ్యానికి లేదు. మల్లినాథుడి కాలానికి దగ్గరవాడే రాచకొండ ప్రభువు సర్వజ్ఞ సింగభూపాలుడు. తన రేచర్ల వంశం నాలుగవ వర్ణమని చెప్పుకొంటూనే రసార్ణవసుధాకరం అనే సంస్కృత నాట్యాలంకార గ్రంథం రాశాడు. పండితులెవరూ కాదనలేదు, పైపెచ్చు పొగిడారు. అంటే తలుపు బిగించివున్నమాట నిజమేగాని, ఖడ్గమూ ఖజానా వున్నవాడు తట్టినప్పుడు అది తెరుచుకొంది. పొలం దున్నేవాడికి తట్టే తీరికే లేదు. వర్ణధర్మం పుస్తకంలో యెలా వున్నా, సంఘంలో అది ఆస్తి సంబంధాలతో కలిసే పనిచేసిందనడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ అక్కరలేదు.

మల్లినాథుడి మరొక పుస్తకం యీ సంగతినే ఇంకోవైపునుంచి చూపుతుంది. దాని పేరు వైశ్యవంశ సుధార్ణవం. విజయనగర ప్రభువు ప్రౌఢదేవరాయల ఆజ్ఞమీద రాసింది. రెండవ దేవరాయలుగా చరిత్రలో ప్రసిద్ధుడైన ఆ ప్రభువు 1424 నుంచి 1446 వరకు పాలించాడు. వర్తక కులాల మధ్య హక్కుల తగాదా వచ్చింది. వైశ్యుడు, కోమటి, వణిజుడు, నగరుడు, ఊరుజుడు యీ మాటలన్నీ ఒకే వర్గానికి పేర్లా, వేరువేరు వర్గాలవా? ఈ ప్రశ్నను తేల్చడానికి శాసనాలూ శాస్త్రాలూ నిఘంటువులూ కావలసివచ్చాయి. కనుక పదాల అర్థం చెప్పడంలో సాటిలేనివాణ్ణి పిలిచారు. తరగతి గదిలో అమరకోశం తెరిచిన చేయే ఇక్కడా తెరిచింది. అక్కడ ఒక మాటకు అర్థం తేలితే కుర్రవాడికి శ్లోకం తెలుస్తుంది. ఇక్కడ ఒక మాటకు అర్థం తేలితే ఒక వర్గానికి అంగడిలో హక్కు నిలుస్తుంది, ఇంకొక వర్గానికి పోతుంది. విద్య యెప్పుడూ గాలిలో వుండదు. వ్యాకరణమూ నిఘంటువూ కూడా రాజ్యానికి పనిముట్లు కాగలవు. మల్లినాథుణ్ణి దీనికి నిందించడం నా ఉద్దేశం కాదు. తన కాలంలో తన విద్యకు వున్న స్థానం అది. కాని శుద్ధ పాండిత్యమనేది ఒకటి వుండేదని నేడు మనకు చెప్పేవారికి యీ చిన్న పుస్తకం చూపించాలి.

అదే కాలంలో మరొక దారి కూడా పడింది. మల్లినాథుడు యే నైషధానికి జీవాతువు రాశాడో, ఆ నైషధాన్నే శ్రీనాథుడు తెలుగు చేశాడు. కావ్యం ఒకటే. ఒకరు దాని సంస్కృతాన్ని విప్పి చూపారు, ఒకరు దాన్ని తెలుగులోకి దింపారు. మొదటి దారిలో వెళ్ళినవాడు మూలందాకా చేరుతాడుగాని ఆ దారి పొడుగు. రెండవ దారి దగ్గరగాని శ్రీనాథుడి తెలుగు కూడా సమాసాల తెలుగే. దానికీ మళ్ళీ ఒక మల్లినాథుడు కావలసివచ్చాడు. తరువాత వేదం వేంకటరాయశాస్త్రి శృంగారనైషధానికి వ్యాఖ్య రాసి, దానికి సర్వంకష అని మల్లినాథుడు వాడిన పేరే పెట్టుకొన్నాడు. కొలిచెలమ పంతులు ఒరవడి తెలుగు కావ్యాల చదువుకు కూడా ఒరవడి అయింది.

ఆ ఒరవడి హైస్కూలులో అడుగుపెట్టింది అచ్చుయంత్రం వచ్చిన తరువాత. 19వ శతాబ్దిలో ఇంగ్లీషు ప్రభుత్వం పెట్టిన పరీక్షలలో సంస్కృతం ఒక పాఠ్యాంశం అయింది. శంకర పాండురంగ పండిత్ 1869, 1874 మధ్య బొంబాయిలో మల్లినాథ వ్యాఖ్యతో రఘువంశాన్ని ప్రకటించాడు. అదే 1869లో కలకత్తాలో ఈశ్వరచంద్ర విద్యాసాగరుడి మేఘదూతం వచ్చింది. విద్యాసాగరుడి సంగతి మనం ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. ఆయన 1851లో కలకత్తా సంస్కృత కళాశాలకు అధ్యక్షుడు కాగానే, అంతవరకు బ్రాహ్మణ, వైద్య కులాలకే వున్న ప్రవేశాన్ని కాయస్థులకూ, తరువాత మరికొన్ని కులాలకూ తెరిపించాడు. మల్లినాథుడు ఆగిపోయిన గోడమీద పడిన మొదటి గునపపు దెబ్బలలో అది ఒకటి. గోడ అంతా కూలలేదు. కాని సంస్కృతం తెలిసినవాడే, సంస్కృతాన్ని ప్రేమించినవాడే ఆ దెబ్బ వేశాడన్నది గమనించదగింది.

అచ్చు వచ్చినందువల్ల మేలూ జరిగింది, కీడూ జరిగింది. వందల పాఠశాలలలో వేల విద్యార్థులకు మల్లినాథుడు అందాడు. ఎం.ఆర్. కాలే వంటివారు విద్యార్థులకోసం చేసిన ప్రతులలో కాళిదాసు శ్లోకం కింద ఆయన వ్యాఖ్య తప్పనిసరి అయింది. కాని పరీక్ష అనేది వచ్చి కూర్చున్న తరువాత, శ్లోకాన్ని విప్పుకోవడానికి పుట్టిన వ్యాఖ్య శ్లోకానికి బదులు బట్టీపట్టే వస్తువు అయిపోయింది. ఇవాళ బజారులో దొరికే గైడుకు మూలపురుషుడు మల్లినాథుడే అని కొందరు ఆక్షేపిస్తారు. అది అన్యాయం. గైడు విద్యార్థికి జవాబు ఇచ్చి ఆలోచన తీసుకొంటుంది. మల్లినాథుడు జవాబుతోపాటు ఆ జవాబు యెక్కడినుంచి వచ్చిందో, కోశమూ సూత్రమూ చూపి, రేపు తాను లేకపోయినా కుర్రవాడు యింకొక శ్లోకాన్ని సొంతంగా విప్పుకొనే సాధనం అతడి చేతిలో పెడతాడు. రెండూ అర్థం చెప్పేవే అయినా పని వేరు.

ఇంకొక చిక్కు కూడా వచ్చింది. అచ్చులో అంతటా ఆయన పాఠమే కనిపించడంతో, ఆయన చదివినదే కాళిదాసు రాసినదని జనం నమ్మారు. మేఘదూతం పద్నాలుగవ శ్లోకంలో దిఙ్నాగ, నిచుల అనే మాటలు వున్నాయి. నిచులుడు కాళిదాసు మిత్రుడనీ, దిఙ్నాగుడు ఆయన ప్రతిపక్షి అనీ మల్లినాథుడు ఒక శ్లేషార్థం చెప్పాడు. దాన్ని పట్టుకొని బౌద్ధ తార్కికుడు దిఙ్నాగుడి కాలాన్నిబట్టి కాళిదాసు కాలం నిర్ణయించడానికి పెద్ద వాదాలు నడిచాయి. కాని మల్లినాథుడికి నాలుగు వందల యేళ్ళు ముందటివాడు, కాశ్మీర వ్యాఖ్యాత వల్లభదేవుడికి ఆ సంగతే తెలియదు. మేఘదూతంలో వల్లభదేవుడు చదివినవి 111 శ్లోకాలే. సుశీల్ కుమార్ డే 1957లో సాహిత్య అకాడమీకోసం పరిష్కరించిన ప్రతిలో నిలిచినవి కూడా అన్నే. 2003లో గుడాల్, ఐజాక్సన్ అనే ఇద్దరు విద్వాంసులు వల్లభదేవుడి రఘువంశ వ్యాఖ్యలో మొదటి ఆరు సర్గలు పరిష్కరించి ప్రకటించారు. మల్లినాథుడి చేతికి వచ్చేసరికే కాళిదాసు పాఠం చాలా చోట్ల నునుపుదేలి వుందని దానివల్ల తెలిసింది. ఇందులో ఆయనకు అవమానం లేదు. ఆధారం లేనిది రాయనన్నవాడు నేడు వుంటే యీ ఆధారాలను అందరికన్నా ముందు చూసేవాడు. గురువు పెట్టిన నియమంతో గురువునే పరీక్షించడం గురుభక్తికి తక్కువ పని కాదు.

ఇక మల్లినాథుడి సొంత జిల్లాకు వద్దాం. ఆయన పుస్తకం బొంబాయిలో, కలకత్తాలో హైస్కూలు విద్యార్థుల చేతుల్లో వున్న రోజుల్లో మెదక్ పిల్లవాడి స్థితి యేమిటి? నిజాం రాజ్యంలో సర్కారు ఉన్నత పాఠశాలల్లో చదువు ఉర్దూలో. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో కూడా ఉర్దూయే బోధనాభాష. దేశభాషలో ఉన్నత విద్య చెప్పవచ్చునని నిరూపించిన ఆ ప్రయోగం గొప్పదేగాని, ఆ దేశభాష రాజ్యంలో అత్యధిక ప్రజలు మాట్లాడే భాష కాదు. సొంతంగా తెలుగు బడి పెట్టుకోవాలన్నా సర్కారు అనుమతి కావాలి. కొలిచెలమలో పుట్టినవాడికి కాళిదాసు మాట అటుంచి, తన తల్లి మాట కూడా బడిలో పరాయిదే. అటువంటి బడిలో చురుకైన పిల్లవాడు కూడా మందుడుగానే కనిపిస్తాడు.

ఇక్కడే మందుడు యెవరనే ప్రశ్న తిరగబడుతుంది. దాన్ని తిరగవేసినవాడు కూడా ఒక స్కూలు మాస్టరే. గిడుగు వెంకట రామమూర్తి 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో నెలకు 30 రూపాయల జీతంమీద చేరి, 1911 వరకు ఉపాధ్యాయుడుగా వున్నాడు. ప్రాచీన కావ్యాలు, శాసనాలు, సంస్కృత వ్యాకరణం ఆయనకు కరతలామలకం. శ్రీముఖలింగం ఆలయ శాసనాలు సొంత కృషితో చదివినవాడు. ఆ విద్యతో ఆయన చేసినది యేమిటి? పిల్లవాడు మాట్లాడే భాష ఒకటి, బడిలో రాయమనే భాష ఒకటి అయినప్పుడు తప్పు పిల్లవాడిది కాదన్నాడు. గ్రాంథికవాదులు పవిత్రమనుకొన్న కావ్యాలనుంచే ఉదాహరణలు తీసి, మీరు శాసించే నియమాలు ఆ కావ్యాలలోనే లేవని చూపాడు. అంతటితో ఆగక కొండల్లో వుండే సవరల భాష నేర్చుకొని, వారికి బడులు పెట్టి, వారి భాషకు 1931లో సమగ్రమైన వ్యాకరణం వెలువరించాడు. మల్లినాథుడి లెక్కలోకి రాని పిల్లవాడు మొదటిసారిగా ఒక శాస్త్రపండితుడి లెక్కలోకి వచ్చాడు. మల్లినాథుడు మందుడిమీద దయ చూపాడు. గిడుగు, వాడు మందుడు కాడు, మీ పుస్తకం దూరంగా వుంది అన్నాడు. దయకూ న్యాయానికీ వున్న తేడా అదే.

మెదక్ జిల్లాలోనే ఇంకొక అడుగు పడింది. 1930లో జోగిపేటలో నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ మొదటి సమావేశం జరిగింది. అధ్యక్షుడు సురవరం ప్రతాపరెడ్డి. ఈ రాజ్యంలో తెలుగు కవులే లేరన్న ఆక్షేపణకు 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచిక వేసి జవాబు చెప్పినవాడు. ఆయన సంస్కృతాంధ్రాలు రెండూ క్షుణ్ణంగా తెలిసినవాడు. 1949లో వచ్చిన ఆంధ్రుల సాంఘిక చరిత్రలో ఆయన అదే కావ్యాలను మరో కంటితో చదివాడు. రాజు యెవరిని జయించాడని అడగలేదు. జనం యేమి తిన్నారు, యేమి కట్టుకొన్నారు, యే ఆటలు ఆడారు, యే పన్నులు కట్టారు అని అడిగాడు. కావ్యంలో మూలపడివున్న ఒక మాటను విప్పితే ఒక పనిముట్టు బయటపడింది, ఒక వృత్తి బయటపడింది.

మల్లినాథుడి పద్ధతికి లేని రెండవ మెట్టు ఇది. ఆయన మాట దగ్గర మొదలుపెట్టి అర్థం దగ్గర ఆగాడు. సురవరం అర్థం దగ్గర మొదలుపెట్టి మనిషి దగ్గరకు వెళ్ళాడు. కాని మొదటి మెట్టు లేకుండా రెండవది యెక్కలేరు. మాటకు అర్థం తెలియనివాడు సాంఘిక చరిత్ర రాస్తే అది నినాదం అవుతుంది, చరిత్ర కాదు. ప్రాచీన సాహిత్యాన్ని భూస్వామ్యమని ఒక్క మాటతో తోసివేసే మన మిత్రులకు యీ సంగతి చెప్పవలసివుంది. తోసివేసిన వస్తువు గాలిలో కలిసిపోదు. దాన్ని తమ ఆస్తిగా చెప్పుకొనేవారి చేతిలో పడుతుంది. మల్లినాథుణ్ణి చదవకుండా వదిలేస్తే ఆయనకు విగ్రహం కట్టి, హారతి ఇచ్చి, ఆయన పుస్తకం తెరవనివారే ఆయనకు వారసులవుతారు.

2016లో జిల్లాల విభజన జరిగిన తరువాత కూడా కొల్చారం మెదక్ జిల్లాలోనే వుంది. ఆ జిల్లాలోనూ మిగతా తెలంగాణలోనూ ప్రభుత్వ పాఠశాలల్లో కూర్చునేది నేడు కూలీల, రైతుల, చేతివృత్తులవారి పిల్లలు, అంటే మల్లినాథుడి బడి గోడకు బయట వుండిపోయినవారి వారసులే. గోడ కూలడానికి ఆరువందల యేళ్ళు పట్టింది. లోపలికి వచ్చిన యీ పిల్లలను మళ్ళీ మందులని ముద్రవేసి వెనక వరుసకు నెట్టే పని మాత్రం యింకా నడుస్తూనే వుంది. యిప్పుడు దానికి ర్యాంకు అనీ, గ్రేడు అనీ కొత్త పేర్లు వచ్చాయి.

ఉపాధ్యాయులుగా మనం మల్లినాథుడినుంచి తీసుకోవలసినవి రెండు వున్నాయి. ఆధారం లేనిది చెప్పకూడదు, అవసరం లేనిది చెప్పకూడదు. పిల్లవాడు యెక్కడ ఆగుతాడో అక్కడ మనం ఆగాలి. ఆయన దగ్గర లేనివి, మనం సమకూర్చుకోవలసినవి రెండు వున్నాయి. ఆ పిల్లవాడు తన సొంత భాషలో అడిగే ప్రశ్నకు చోటు. పాఠంలోని మాట వెనకవున్న మనిషి యెవరు, అతడు యెవరికోసం పాటుపడ్డాడు అని అడిగే ధైర్యం. కొలిచెలమ పంతులు పెంకు పగలగొట్టడం నేర్పాడు. లోపలి నీళ్ళు యెవరికి అందాలన్నది ఆయన తేల్చలేదు. అది మన తరగతి గదులలో రోజూ తేలవలసిన లెక్క.